గుండ్లూ నందీ బుద్ధుడూ

మా డ్రాయింగు మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళున్నారు, నేర్చుకోలేక చీవాట్లు తిన్నవాళ్ళున్నారు. నాది రెండో జట్టు. అయినా ఈ ఏటి ఆయన స్మారకోపన్యాసానికి నన్ను పిలిచారంటే, గీయడం రాకపోయినా చూడడం కాస్త వచ్చి ఉంటుందని కమిటీవారు అనుకొని ఉండాలి.

పోయినవారిని ఓ అరగంట పొగిడి, ఆపైన ఉపన్యాసకుడు తనకు తెలిసింది చెప్పుకోవడం ఇలాంటి సభల ఆనవాయితీ. మాస్టారికి పొగడ్త గిట్టేది కాదు. అందుకని నేరుగా ఆయనకు నచ్చిన చోటికే తీసుకెళ్తాను. హిందూపురం నుంచి ఓ పదిహేను కిలోమీటర్లు. లేపాక్షి.

వీరభద్రస్వామి గుడి మంటపంలో ఒక స్తంభం ఉంది. డెబ్బై దాకా ఉన్న స్తంభాల్లో అదొక్కటే నేలకు పూర్తిగా ఆనదు. ఒక మూల తాకుతుంది, మిగతా అడుగంతా సన్నటి సందు. ఎప్పుడు వెళ్ళినా జనం దాని చుట్టూనే ఉంటారు. ఒకరు ఈ పక్క నుంచి చున్నీ దూరుస్తారు, ఇంకొకరు ఆ పక్క లాగుతారు, మూడో మనిషి ఫోనులో వీడియో తీస్తాడు. తెల్లదొరల కాలంలో ఒక ఇంజనీరు ఈ గుట్టు తేల్చుకుందామని స్తంభాన్ని కదిపాడట, కదిపితే మంటపం మొత్తం కదలబోయిందట, దొర హడలిపోయి వదిలేశాడట. గైడు ఈ కథ చెప్పేలోపు గుడ్డ అవతలికొస్తుంది. అందరూ 'అబ్బ' అనుకుంటారు. ఇంక అక్కడ పనేమీ లేదు. గుడి బయటి పెద్ద రాతి నంది ముందు ఫోటో దిగడానికి బయల్దేరతారు.

ఆ స్తంభంతో నాకు పేచీ లేదు. కట్టడంలో ఎక్కడో బరువు సర్దుకొని ఉంటుంది, వింతే. కానీ ఆ గుడ్డ లాగేవాళ్ళ తలకు కొన్ని అడుగుల పైన, కప్పుకు పరిచిన బండల మీద, విజయనగర కాలపు చిత్రాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్నాయి. దక్షిణ దేశంలో ఆ కాలపు గోడబొమ్మలు ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తలెత్తేవాళ్ళు తక్కువ.

వింతల్లో రెండు రకాలున్నాయని నాకనిపిస్తుంది. ఒకటి పొడుపుకథ. జవాబు తెలిసేదాకే దాని ఆయుష్షు. గుడ్డ అవతలికొచ్చింది, అయిపోయింది. రెండోది తెలుసుకున్నకొద్దీ పెరిగేది. ఎవరు చేశారు, దేంతో చేశారు, ఎంత కష్టం, ఎక్కడ తప్పితే ఏమయ్యేది అని తవ్వుకుంటూ పోతే మొదట చూసినప్పటి కంటే పదోసారి చూసినప్పుడు నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. మాస్టారు జీవితమంతా మాకు చూపించాలని చూసింది ఈ రెండో రకం. మనం ఊళ్ళలో, కూడళ్ళలో, చెరువుల్లో విగ్రహాలు పెట్టుకుంటూ పోతున్న ఈ రోజుల్లో ఆ తేడా మాట్లాడుకోవాలని నా కోరిక.

ముందు కప్పు సంగతి చూద్దాం. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529 నుంచి 1542 దాకా ఆయన ఏలిన రోజుల్లో, పెనుకొండ సీమలో అధికారం నడిపిన విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. గ్రానైటు బండకు రంగు పట్టదు. అందుకని మొదట ముతక సున్నం పూత, దానిమీద నున్నటి సున్నం పూత. ఆపైన ఎర్రమన్ను, పసుప్పచ్చ మన్ను, మసి, సున్నపు తెలుపు, కొద్దిగా ఆకుపచ్చ. ఉన్నవి ఇంతే. ఈ నాలుగైదు రంగులతో కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడు, ఆవుకు న్యాయం చేసిన చోళరాజు కథ నడిపించారు. వెనక ఎర్రమన్ను పరిచి, మనుషుల చుట్టూ నల్లటి గీత గీశారు. ఆ గీతలోనే ఉంది విద్యంతా. చిత్రకారుడు సారవ మీద నిలబడి మెడ వెనక్కి విరిచి, చెయ్యి పైకెత్తి గీశాడు. కుంచెలో రంగు మోచేతి దాకా కారుతూనే ఉంటుంది. అయినా వేటలో ఉరికే అడవిపంది వీపు మీద గీత ఎక్కడా వణకలేదు.

ఇంకొంచెం దగ్గరికి వెళ్దాం. ఒక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను చూడండి. ఒకావిడ చీరకు గళ్ళు, పక్కావిడ చీరకు చారలు, ఆ పక్కావిడకు పూల తీగ. ఒకరి కొంగు ఇంకొకరి కొంగులా లేదు. మగవాళ్ళ నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. కథ పురాణంలోది, బట్టలు మాత్రం ఆనాటి పెనుకొండ వీధిలోవి. శివుడి పెళ్ళికి వచ్చినవాళ్ళంతా మన ఊరి పెళ్ళికి వచ్చినట్టే ఉంటారు. గుడి లతామంటపం స్తంభాల మీద చెక్కిన నగిషీలు ధర్మవరం చీరల అంచుల్లోకి దిగాయని నేతపనివాళ్ళు చెప్తారు. గుడి కట్టించిన విరుపణ్ణా వీరణ్ణా కూడా ఆ కప్పు మీదే కనిపిస్తారు, పరివారంతో నిలబడి విభూతి అందుకుంటూ. డబ్బిచ్చినవాడి బొమ్మ పడింది. గీసినవాడి పేరు ఎక్కడా లేదు. ఇప్పటి శిలాఫలకాలు చూస్తే ఈ సంప్రదాయాన్ని మనం శ్రద్ధగానే కాపాడుకుంటున్నామనిపిస్తుంది.

చాలాచోట్ల సున్నం పెచ్చులూడింది. నీళ్ళు దిగినచోట రంగు తెల్లబారింది. వెలుతురు తక్కువ. కళ్ళు అలవాటుపడాలంటే కాసేపు ఆగాలి, ఆగడానికి బస్సువాడు ఒప్పుకోడు. ఇదీ మన యాత్ర.

ఇక మాస్టారి పాఠం. ఊళ్ళో అందరూ ఆయన్ను డ్రాయింగయివారనే పిలిచేవారు. ఏటా తొమ్మిదో తరగతిని లేపాక్షికి నడిపించేవారు. మా ఏడు మేమంతా నంది ముందు చతికిలబడి అట్టలు, పెన్సిళ్ళు తీశాం. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు, మెళ్ళో గంటలు, దండలు. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆయన వచ్చి అందరినీ లేపి వెనక్కి తిప్పారు. కొంచెం అవతల మామూలు గుండొకటి, సగం భూమిలో, సగం బయట.

"నందిని ఎవురైనా గీస్తారప్పా. ముందు ఆ గుండు గీయండి."

"గుండులో ఏముంది సార్?" అన్నాడు మాలో ఒకడు.

"ఏముండాదో గీసినాక నువ్వే సెప్పు."

గంట సేపు గుండు గీశాం. మొదటి పది నిమిషాల్లో అందరం గుండ్రంగా ఒక గీత గీసి అయిపోయిందనుకున్నాం. అప్పుడాయన ఒక్కొక్కరి వెనక నిలబడి, ఆ పెచ్చు ఎందుకు లేచింది, ఈ బీట ఎటు పోయింది, ఈ మచ్చ నీళ్ళు కారిందా నాచు పట్టిందా అని అడగడం మొదలుపెట్టారు. ఉల్లిపొర లేచినట్టు రాయి పొరలు పొరలుగా లేస్తోందని ఆ రోజే మొదటిసారి కనిపించింది. నందిని గీయడానికి ఆ రోజు టైము చాలనే లేదు.

ఆ గుండులో ఏముందో నాకు చాలా ఏళ్ళ తర్వాత భూగర్భశాస్త్రం చదివిన మిత్రుడు చెప్పాడు. అనంతపురం నుంచి హైదరాబాదు దాకా మనకు కనిపించే ఈ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. భూమి లోతుల్లో కరిగిన శిల నిదానంగా చల్లారి గట్టిపడింది. పైన కిలోమీటర్ల మందాన ఉన్న పొర యుగాల తరబడి కొట్టుకుపోయింది. మీది బరువు తగ్గేసరికి బండ అడ్డంగా, నిలువుగా బీటలిచ్చింది. బీటల్లోకి నీళ్ళు దిగాయి. బండ చదును ముఖానికి నీళ్ళు ఒక్క పక్క నుంచే తగులుతాయి. అంచుకు రెండు పక్కల నుంచి, మూలకు మూడు పక్కల నుంచి. వానకు తడిసిన బెల్లం దిమ్మకు ముందు మూలలే కరుగుతాయి కదా, ఇదీ అంతే. మూలలు కుళ్ళి మొరమయ్యాయి, లోపలి గట్టి భాగం గుండ్రంగా మిగిలింది. ఇదంతా నేల లోపలే జరిగిన పని. తర్వాత వానలు మొరాన్ని కడిగేస్తే గుండు మీద గుండు, ఎక్కడివక్కడే బయటపడ్డాయి. పడిపోతుందేమో అని మనం భయపడే ఆ పై గుండును ఎవరూ ఎత్తిపెట్టలేదు. చుట్టూ ఉన్నది పోగా అది అక్కడే మిగిలింది.

అలా మిగిలిన గుండ్లలో ఒకదాన్ని ఒక శిల్పి చూశాడు. ఇంకా ఏం తీసేస్తే నంది మిగులుతుందో లెక్క వేశాడు. ముందు సుత్తితో తట్టి విని ఉంటాడు. రాతిపని చేసేవాళ్ళు ఇప్పటికీ అలాగే వింటారు. కంగుమంటే రాయి బాగుంది, మొద్దుగా మోగితే లోపల బీట ఉంది. గ్రానైటులో దిద్దుకోవడం ఉండదు. మెడలో ఒక గంట అంచు చిట్లితే అతకడానికి మైనమూ లేదు, సున్నమూ లేదు. ఆ ముఖమంతా ఇంకొంచెం లోపలికి దించాల్సిందే, దించితే మెడ సన్నబడుతుంది, మెడ సన్నబడితే తల దామాషా తప్పుతుంది. ఈ సంగతి తెలిసి ఆ నందిని చూడండి. చాలా గుళ్ళలో నంది ఒదిగి కూర్చుంటుంది. లేపాక్షి నంది తల ఎత్తి, చెవులు రిక్కించి, ఎవరో పిలిస్తే లేవబోతున్నట్టు ఉంటుంది. అంతటి బరువైన రాతిలో లేవబోయే కదలిక తేవడం తేలిక కాదు.

గుడి ఆవరణలో, ఆరుబయట, ఏడు పడగల నాగలింగం. అదీ అలాంటి గుండులోంచి వచ్చిందే. తల్లి వంట చేసేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారని, ఆవిడ వచ్చి చూసి ఆశ్చర్యపోతే ఆ దృష్టి తగిలి రాయి పగిలిందని కథ. పగులు ఇప్పటికీ ఉంది. కథలో నాకు నచ్చిందేమిటంటే, శిల్పుల గొప్పతనం చెప్పడానికి రాజు మెచ్చుకోలు పెట్టలేదు, అన్నం వండుతున్న అమ్మ ఆశ్చర్యాన్ని పెట్టారు. అక్కడికి దగ్గర్లోనే నేల బండలో గుండ్రంగా తొలిచిన పళ్ళేలున్నాయి. పనివాళ్ళు వాటిల్లోనే అన్నం తిన్నారంటారు కొందరు, రంగులు కలుపుకున్నారంటారు ఇంకొందరు.

ఇప్పుడు హైదరాబాదు వెళ్దాం. రాయి అదే రకం, కథ మాత్రం మన కళ్ళ ముందు జరిగింది.

ఎన్.టి. రామారావుగారు అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్కులో స్వేచ్ఛాదేవి విగ్రహం చూశారు. నీళ్ళ నడుమ అంత విగ్రహం మనకూ ఉండాలనుకున్నారు. ఎవరిది పెట్టాలి అన్న ప్రశ్నకు ఆయన బుద్ధుడు అనడం నాకు ఇప్పటికీ మెచ్చుకోదగ్గ నిర్ణయంగానే కనిపిస్తుంది. పౌరాణిక వేషాలతో ఇంటింటి దేవుడైన మనిషి, రాముణ్ణో కృష్ణుణ్ణో పెట్టినా అడ్డుచెప్పేవాళ్ళు లేని రోజుల్లో, అమరావతి, నాగార్జునకొండల నేల మీద మనం మరిచిపోయినవాణ్ణి ఎంచుకున్నారు. రాయి కోసం వెదికితే భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికింది. 1985లో పని మొదలైంది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందల మంది శిల్పులు చెక్కారు. ఎత్తు 58 అడుగులు, బరువు వందల టన్నులు, మొత్తం ఒకే రాయి. దాన్ని హైదరాబాదు చేర్చడానికి ప్రత్యేకంగా ట్రెయిలరు కావలసివచ్చింది, రోడ్లు వెడల్పు చేయవలసివచ్చింది. ఈలోగా 1989 చివర్లో ఎన్నికలొచ్చాయి, రామారావుగారు ఓడిపోయారు. విగ్రహం మాత్రం ఒడ్డున ఉంది.

1990 మార్చి 10న దాన్ని బార్జీ మీద ఎక్కించి హుస్సేన్‌సాగర్ నడుమకు తీసుకెళ్తుంటే బార్జీ ఒరిగింది. బుద్ధుడు నీళ్ళలోకి జారాడు. విగ్రహంతో పాటు మనుషులూ పోయారు. బుద్ధుడి కథ ఈ ముప్పై ఏళ్ళలో నేను ఎన్నోసార్లు విన్నాను, బోటు నడిపేవాళ్ళ నోటా, టూరిస్టు గైడ్ల నోటా. ఆ రోజు పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్కసారీ వినలేదు.

తర్వాత రెండున్నరేళ్ళకు పైగా బుద్ధుడు చెరువు అడుగున పడుకున్నాడు. నగరంలో జోకులు పుట్టాయి, శాపాల కథలు పుట్టాయి, అరిష్టమన్నవాళ్ళున్నారు. 1992 డిసెంబరు 1న పైకి తీసి చెరువు నడుమ జిబ్రాల్టర్ రాక్ అనే బండ మీద నిలబెట్టారు. రాతికి ఏమీ కాలేదు. 250 కోట్ల ఏళ్ళ రాతికి రెండున్నరేళ్ళ నీటి ముంపు ఎంతని. 2006లో దలైలామా వచ్చి అక్కడ పూజ చేశారు.

నెక్లెస్ రోడ్డు మీద సాయంత్రం ఐస్‌క్రీం తింటూ ఆ విగ్రహాన్ని చూసే పిల్లలకు ఈ కథ తెలియకపోయినా అది అందంగానే ఉంటుంది. కుడిచేయి అభయంగా ఎత్తి, ఎడమచేత్తో వస్త్రం పట్టుకొని నిలబడ్డ మనిషి. కానీ కథ తెలిస్తే ఆ ఎత్తిన చేతిని చూసే చూపే మారుతుంది. రాయగిరి గుట్టలోంచి విడివడి, రోడ్డు మీద నడిచి, మునిగి, లేచి, చివరికి ఇంకో బండ మీద నిలబడిన రాయి అది. చుట్టూ ఉన్న నీళ్ళకూ ఓ కథ ఉంది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు అది. సూఫీ పేరున్న చెరువులో బుద్ధుడు. పెట్టించింది రాముడి వేషం వేసిన ముఖ్యమంత్రి. ఇంతకన్నా తెలుగువాళ్ళ బహిరంగ కళ ఇంకెక్కడుంటుంది!

ఈమధ్య మనకు అడుగుల జబ్బు పట్టింది. ముచ్చింతలలో 2022లో 216 అడుగుల రామానుజులు, హైదరాబాదులో 2023లో 125 అడుగుల అంబేడ్కర్, విజయవాడలో 2024లో అంతే ఎత్తున మరో అంబేడ్కర్. ఆ మహనీయుల గొప్పతనం గురించి నాకు రెండో మాట లేదు. అంబేడ్కర్ విగ్రహం కింద నిలబడి పిల్లలకు ఆయన గురించి చెప్పే తల్లిదండ్రులను చూశాను, అది ఏ మ్యూజియమూ చేయలేని పని. నా ఇబ్బంది పత్రికల్లో వచ్చే మొదటి వాక్యంతో. అది ఎప్పుడూ ఎత్తుతోనే మొదలవుతుంది. అడుగులు గెలుచుకునే ఆశ్చర్యం ఇంకెవరో ఇంకో అడుగు పెంచేదాకే. వేలాడే స్తంభం లాంటిదే అదీ. ఎవరు పోతపోశారు, మొహంలో ఆ కోపమో ఆలోచనో ఎలా వచ్చింది, ఆ వేలు ఎటు చూపుతోంది అని రాసినవాళ్ళు అరుదు.

మనం పెట్టని శిల్పాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. హైదరాబాదులో గుండ్లను పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటే కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని సంఘం పెట్టుకొని పోరాడారు. వాళ్ళ పుణ్యాన కొన్ని శిలలు వారసత్వ జాబితాకెక్కాయి. శిల్పారామంలో ఒకటి, జూబ్లీహిల్స్‌లో కొన్ని, దుర్గం చెరువు చుట్టూ గుట్టలు, మౌలాలి దగ్గర ఒకటి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగు లాంటిది ఒకటి, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర పాత బొంబాయి రోడ్డు మీద రాక్ పార్కు. చెరువు తవ్వించినాయన సమాధి పక్కనే రాళ్ళకు రక్షణ దొరకడం మంచి యోగం. ప్రభుత్వం ఒక గుండును చార్మినార్ లాంటి కట్టడాల జాబితాలో చేర్చిందంటే, అదీ ఒక కళాఖండమేనని ఒప్పుకున్నట్టే. 2025లో ఆ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను చదును చేయొద్దని విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు చెట్లూ జింకలూ నెమళ్ళూ వార్తల్లోకి వచ్చాయి, రాళ్ళు కాస్త వెనకబడ్డాయి. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపమంది. చెట్టు పోతే మళ్ళీ నాటుకోవచ్చు, కనీసం నాటామని చెప్పుకోవచ్చు. గుండును పేల్చేస్తే తిరిగి రావడానికి నేల లోపల ఎన్ని కోట్ల ఏళ్ళ పని ఉందో ఇందాక చెప్పుకున్నాం. గ్రానైటు పలకలు అమ్ముకొని బతికేవాళ్ళున్నారు, వాళ్ళ కడుపు కొట్టమని నేననడం లేదు. మనం ఇంట్లో వేసుకున్న నల్లటి గచ్చు కూడా ఎక్కడో ఒక కొండే. ఏ కొండ కొట్టొచ్చో ఏది వదిలేయాలో చూసి తేల్చే మనిషి ఒకడు ప్రతి జిల్లాలో ఉండాలి. ఆ మనిషికి రాయి చూడడం వచ్చి ఉండాలి.

కమిటీవారు మాస్టారి విగ్రహం పెట్టే ఆలోచనలో ఉన్నారని, చందాలు కూడా మొదలయ్యాయని విన్నాను. వద్దని నా మనవి. ఫైబరుతో చేసి బంగారు రంగు వేసిన బొమ్మ రెండేళ్ళకే పెచ్చులూడుతుంది, ఆయన చూస్తే ముందు మనల్నే తిడతారు. ఆ డబ్బుతో ఏటా ఒక బస్సు మాట్లాడండి. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎక్కించండి. అట్టలు, కాగితాలు, పెన్సిళ్ళు, తలా ఒక చేతి అద్దం ఇవ్వండి. అద్దం చేతిలో పట్టుకొని కిందికి చూస్తే కప్పు మీది బొమ్మలు మెడ నొప్పి లేకుండా కనిపిస్తాయి. ఫోన్లు బస్సులోనే వదిలేయించండి. వేలాడే స్తంభం దగ్గర గుడ్డ లాగుతామంటే లాగనివ్వండి, పిల్లలే కదా. ఆ తర్వాత నంది దగ్గరికి తీసుకెళ్ళి వెనక్కి తిప్పి కూర్చోబెట్టండి. బస్సు డ్రైవరుకు భోజనం పెట్టించి సాయంత్రం దాకా ఆగమని ముందే మాట్లాడుకోండి. మొదటి బస్సు ఖర్చు నాది.